గుర్తుపెట్టుకునే పెట్టె

కింద హాల్లో టీవీ పక్కన ఇంటర్నెట్ పెట్టె. పిల్లలు చదువుకునే గది మేడ మీద. రెంటికీ మధ్య అయిదారు అంగుళాల స్లాబు, అందులో జానెడు ఎడం కూడా లేకుండా అల్లిన ఇనుప చువ్వలు. వైఫైకి ఇంతకంటే గట్టి అడ్డు పెట్టాలంటే పనిగట్టుకుని కట్టాలి. వైఫై కూడా రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర 6 సెంటీమీటర్లు. ఎక్కువ వేగం మోసేది రెండోది. గోడల్లో, స్లాబుల్లో ఎక్కువగా ఇంకిపోయేదీ అదే. అందుకే హాల్లో వందల్లో ఉన్న వేగం మెట్లెక్కేసరికి పదుల్లోకి దిగుతుంది. దానికి మందుగా జనం కొనేది మరో రౌటర్, లేదా గోడకు గుచ్చే ఎక్స్‌టెండర్. స్లాబు దాటి నీరసించిన సంకేతాన్నే అందుకుని మళ్లీ చాటే పరికరం నుంచి ఎంత ఆశించగలం? పదిహేను మీటర్ల తీగ లాగితే అసలు సమస్యే ఉండదు.

తీగ లాగుదామని అనుకోగానే రెండో ప్రశ్న వస్తుంది: పెట్టె వెనక ఖాళీ పోర్టులెన్ని? ఫైబర్ కనెక్షన్‌తో పాటు కంపెనీలు బిగించి వెళ్లే పెట్టెలకు సాధారణంగా రెండో నాలుగో ఉంటాయి. చాలావాటిలో ఒక్కటే గిగాబిట్ పోర్టు, మిగిలినవి 100 మెగాబిట్లతో ఆగిపోయేవి. టీవీకి ఒకటి, కెమెరాల రికార్డరుకు ఒకటి ఇచ్చేసరికి పని అయిపోతుంది. అక్కడే స్విచ్ అవసరం మొదలవుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, మీ ఊళ్లో సీసీ కెమెరాలమ్మే షాపులో అడిగినా ముందు వచ్చే మాట ఒకటే: ఎన్ని పోర్టులు కావాలి సార్, అయిదా, ఎనిమిదా? అది అడగాల్సిన ప్రశ్నే, కానీ మొదటిది కాదు. నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. తెలుగువాళ్ల ఇళ్లలో నూటికి తొంభైకి, ఏ సెట్టింగులూ లేని సాదా గిగాబిట్ స్విచ్ సరిపోతుంది. మిగిలిన డబ్బూ శ్రద్ధా తీగ మీద పెట్టాలి. ఎందుకంటే స్విచ్ చేసే పని చాలా తెలివైనదే గానీ, ఆ తెలివి ఇప్పుడు అతి చవక చిప్‌లోకి కూడా వచ్చేసింది. తీగ వేసే పనివాడి చేతికి మాత్రం అలాంటి భరోసా ఏమీ లేదు.

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో, 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్నెట్‌కు రూపమిచ్చినప్పుడు అందులో స్విచ్ అనేదే లేదు. పొడవాటి తీగ ఒకటి సాగిపోతుంది, కంప్యూటర్లన్నీ దానికే తగులుకుంటాయి. ఈ ఊహకు మూలం హవాయి విశ్వవిద్యాలయంలో ఉంది. నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971 నుంచి అక్కడి ద్వీపాల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి నడిపేది. ఒకే రేడియో ఛానెల్‌ను అందరూ పంచుకునేవారు. మెట్‌కాఫ్ ఆ పంపకాన్ని తీగలోకి తెచ్చి, దానికి మర్యాద నేర్పారు. మాట్లాడే ముందు వినాలి. ఎవరూ మాట్లాడటం లేదంటే మొదలుపెట్టాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ ఆపేసి, ఎవరికి వారు తోచినంత చిన్న వ్యవధి ఆగి, మళ్లీ ప్రయత్నించాలి. అప్పటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. అప్పటి అవసరాలకు అదే పుష్కలం.

1990లో ఇప్పుడు మనం చూసే జతల తీగ ఈథర్నెట్‌కు ప్రమాణం వచ్చింది. ఒక్కో కంప్యూటరుకూ విడి తీగ, అన్నీ వచ్చి చేరే మధ్య పెట్టె పేరు హబ్. చూడటానికి అది అచ్చం స్విచ్ లాగే ఉంటుంది. కానీ ఒక పోర్టులో వచ్చినదాన్ని కళ్లు మూసుకుని మిగిలిన అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. తీగలు వేరైనా దారి ఒక్కటే. ఎనిమిది మంది ఉంటే ఎనిమిది మందీ ఆ దారినే పంచుకోవాలి, గుద్దుకోవాలి, ఆగాలి. అంతకు కొన్నేళ్ల ముందే అమెరికాలో డెక్ కంపెనీ ఇంజనీర్లు రెండు తీగల మధ్య బ్రిడ్జి అనే యంత్రం పెట్టి, అవతలికి అవసరమైన సమాచారాన్ని మాత్రమే దాటించే పద్ధతి కనిపెట్టారు. సిలికాన్ వ్యాలీలో కల్పన అనే చిన్న కంపెనీ ఆ పద్ధతిని ఎన్నో పోర్టుల మధ్య ఒకేసారి నడిచేలా చేసి, 1990లో ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్‌ను అమ్మకానికి పెట్టింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరు భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్. కంపెనీకి ఆయన భార్య పేరే పెట్టారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది.

ఆ ఈథర్‌స్విచ్ చేసిన పనే, అటుకులు పోసుకునే డబ్బా కంటే చిన్నదైన ఇవాళ్టి స్విచ్ కూడా చేస్తుంది. ఎలాగంటే, అపార్టుమెంటులో కొత్తగా చేరిన వాచ్‌మన్‌ను తలచుకోండి. ఏ ఫ్లాట్‌లో ఎవరుంటారో అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు సుబ్బలక్ష్మి గారికి కొరియర్ వస్తే, చేసేదేమీ లేక అన్ని తలుపులూ తడతాడు. కానీ తలుపు తీసుకుని బయటికొచ్చే ప్రతి మనిషినీ చూసి, ఈయనది మూడో నంబరు, ఈవిడది అయిదు అని మనసులో రాసుకుంటాడు. రెండో రోజుకు తిన్నగా ఆ తలుపు దగ్గరికే వెళతాడు. ఇందులో గమనించాల్సింది ఒకటే: వచ్చే వస్తువు మీది చిరునామా చూసి కాదు, బయటికొచ్చే మనిషిని చూసి నేర్చుకుంటాడు.

స్విచ్‌లో ఆ మనుషుల పేర్ల స్థానంలో మ్యాక్ అడ్రసులుంటాయి. తీగ తగిలించుకునే ప్రతి పరికరానికీ 48 బిట్ల చిరునామా ఒకటి ఉంటుంది. అందులో మొదటి 24 బిట్లు తయారీదారును తెలిపేవి. తీగలో సమాచారం ఫ్రేములుగా నడుస్తుంది. ప్రతి ఫ్రేము నుదుట ముందు చేరాల్సిన చిరునామా, ఆ వెంటనే పంపినవారి చిరునామా. స్విచ్ రెండో చిరునామా చూసి, ఇది మూడో పోర్టులోంచి వచ్చిందని తన పట్టికలో రాసుకుంటుంది. మొదటి చిరునామాను పట్టికలో వెతికి, ఉంటే ఆ ఒక్క పోర్టులోకి పంపుతుంది, లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగిలిన అన్నింటిలోకీ పంపుతుంది. కొంతసేపు, సాధారణంగా 300 సెకన్లపాటు, ఒక చిరునామా నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఆ పద్దు కొట్టేస్తుంది. మీరు ల్యాప్‌టాప్ తీగ పీకి మరో పోర్టులో పెట్టినా, అది మొదటి ఫ్రేము పంపగానే పట్టిక మారిపోతుంది. పెట్టె మీద 4 వేల చిరునామాలు, 8 వేల చిరునామాలు అని గొప్పగా రాస్తారు. పెళ్లివారంతా దిగినా మీ ఇంట్లో వంద దాటవు.

స్విచ్‌ను తగిలించేటప్పుడు ఏ సెట్టింగూ అక్కర్లేకపోవడానికి కారణం ఇదే. దానికి పాస్‌వర్డ్ లేదు, ఐపీ అడ్రసు లేదు, ఇంటర్నెట్ అంటే ఏమిటో దానికి తెలియదు. ఐపీ అడ్రసులు పంచేది రౌటరే. కాబట్టి వరస తప్పకూడదు: బయటి నుంచి ఫైబర్ పెట్టె, దాని వెనక రౌటర్ (ఇప్పుడు రెండూ ఒకే పెట్టెలో ఉండటమే ఎక్కువ), ఆ తర్వాత స్విచ్, దాని వెనక మిగిలినవన్నీ. ఫైబర్ పెట్టెకూ విడి రౌటరుకూ మధ్య స్విచ్ పెట్టి, అక్కడి నుంచే టీవీకీ కంప్యూటరుకూ తీగలిస్తే, అవి అడ్రసు కోసం నేరుగా ఇంటర్నెట్ కంపెనీని అడుక్కుంటాయి. చాలాసార్లు దొరకదు.

స్విచ్ పెడితే స్పీడు తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. లెక్క చూద్దాం. ఇళ్లలో వాడే స్విచ్ ఫ్రేమును మొత్తం లోపలికి తీసుకుని, చెడిపోలేదని సరిచూసుకుని, అప్పుడు బయటికి పంపుతుంది. మామూలు పెద్ద ఫ్రేము 1518 బైట్లు, అంటే 12,144 బిట్లు. సెకనుకు వంద కోట్ల బిట్ల వేగంలో అది లోపలికి రావడానికి పట్టేది సుమారు 12 మైక్రోసెకన్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, ఆ 12 మైక్రోసెకన్లలో అది పోగలిగేది 2.4 కిలోమీటర్లు. మీ ఇంట్లో స్విచ్ చేర్చడం వల్ల కలిగే ఆలస్యం, మీ ఇల్లు ఇంటర్నెట్ ఎక్స్ఛేంజికి మరో రెండున్నర కిలోమీటర్లు అవతల ఉన్నట్టు. పోనీ రెండు స్విచ్‌లు వరసగా పెట్టండి, అయిదు కిలోమీటర్లు. ఆటలాడే కుర్రాళ్లు కూడా దీన్ని పసిగట్టలేరు.

పెట్టె మీద రాసే మరో రెండు అంకెలు కూడా ఇలా విప్పితే బెదిరించవు. ఎనిమిది పోర్టుల పెట్టె మీద 16 జీబీపీఎస్ అని ఉంటుంది. ఒక్కో పోర్టు లోపలికి 1, బయటికి 1, మొత్తం ఎనిమిదికీ 16. అంటే అన్ని పోర్టులూ నిండా పని చేస్తున్నా లోపల ఇరుకు ఉండదని అర్థం. సెకనుకు 1.19 కోట్ల ప్యాకెట్లు అని మరో మాట. అతి చిన్న ఫ్రేము 64 బైట్లు, దాని ముందూ వెనకా తప్పనిసరి ఖాళీ 20 బైట్లు, మొత్తం 672 బిట్లు. సెకనుకు వంద కోట్లను దానితో భాగిస్తే 14,88,095. దాన్ని ఎనిమిదితో హెచ్చిస్తే పెట్టె మీది అంకె వచ్చేస్తుంది. ఇది ఆ కంపెనీ గొప్ప కాదు, గుణకారం గొప్ప. మంచి పేరున్న కంపెనీలన్నిటి పెట్టెల మీదా ఇవే అంకెలుంటాయి కనుక, వీటిని బట్టి ఎంచుకోవడానికి ఏమీ లేదు.

ఎంచుకోవాల్సింది నాలుగు విషయాల్లో. పోర్టులు గిగాబిట్‌వా, 100 మెగాబిట్‌వా? ఎన్ని? తీగలోంచి కరెంటు ఇవ్వాలా? ఒళ్లు లోహమా, ప్లాస్టిక్కా? మొదటిదానికి జవాబు ఎప్పుడూ గిగాబిటే. 10/100 అని రాసిన పెట్టెలు ఇంకా దొరుకుతాయి, కాస్త చవక కూడా. ఆ కాస్త కోసం 300 మెగాబిట్ల ప్లాన్‌ను వందకు కుదించుకోకండి. పోర్టుల లెక్కలో ఒకటి రౌటరుకు పోతుందని మరవకూడదు. అయిదు పోర్టుల స్విచ్ అంటే నాలుగు పరికరాలే. టీవీ, కంప్యూటరు, మేడ మీద వైఫై చాటే యాక్సెస్ పాయింట్, కెమెరాల రికార్డరు అనుకుంటే అక్కడికి నిండిపోయింది, ఎనిమిది తీసుకోండి. పదహారు పోర్టులవి ఇంటికి అరుదుగా కావాలి. ఇక ఒంటి సంగతి. లోపలి వేడిని లోహపు డబ్బా బయటికి లాగేస్తుంది, ఫ్యాన్ అక్కర్లేదు. ఫ్యాన్ ఉన్న స్విచ్‌ను పడకగదిలో పెట్టినవాళ్లు మొదటి రాత్రే దాన్ని ఇంకెక్కడికో మార్చే మార్గం చూస్తారు.

2.5 గిగాబిట్ల స్విచ్‌లు ఇప్పుడు షాపుల్లోకి వచ్చాయి. ఆ ప్రమాణం 2016లోది, పాత తీగ మీదే నడిచే సౌకర్యం దానిది. ఇంట్లోనే పెద్ద ఫైళ్ల నిల్వ పెట్టె పెట్టుకుని వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది. పెళ్లి వీడియోలు తీసే ఫొటోగ్రాఫర్ అయితే తప్పకుండా తీసుకోండి. మిగిలినవాళ్లు ఆగొచ్చు.

ఇక తీగ. అసలు కథ ఇక్కడుంది.

ల్యాన్ కేబుల్ చీల్చితే నాలుగు జతలు కనిపిస్తాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు తీగలు, ఒక్కోదానికీ తోడుగా అదే రంగు చార ఉన్న తెల్ల తీగ. ప్రతి జతా మెలికలు తిరిగి ఉంటుంది. ఈ మెలిక టెలిఫోన్ కాలం నాటిది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. పక్కన ఫ్యాను వైరో, మోటారు వైరో ఉందనుకోండి. దాని నుంచి వచ్చే అలజడి మెలిక వల్ల రెండు తీగలకూ ఒకే మోతాదులో తగులుతుంది. అవతలి చివరి చిప్ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. రెండింటిలోనూ సమానంగా ఉన్న అలజడి తీసివేతలో మాయమవుతుంది. నాలుగు జతలకూ మెలికల బిగువు కాస్త కాస్త తేడాగా ఉండటం కూడా కావాలని చేసిందే, ఒక జత గొడవ పక్క జతకు అంటకుండా.

100 మెగాబిట్ల ఈథర్నెట్ ఇందులో రెండు జతలే వాడేది: ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. 1999లో ఖరారైన గిగాబిట్ ప్రమాణం నాలుగు జతలూ వాడుతుంది, ఒక్కో జతలో 250 మెగాబిట్లు, అదీ రెండు వైపులకూ ఒకేసారి. ఒకే జతలో ఎదురెదురుగా రెండు సంకేతాలు కలగాపులగమై పోతుంటే, ప్రతి చివరి చిప్ తాను పంపినది తనకు తెలుసు కనుక దాన్ని తీసేసి, మిగిలినదాన్ని వింటుంది. ఇంత సున్నితమైన పని కాబట్టే, 100 మెగాబిట్లకు అక్కర్లేని నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ పట్టు తప్పినా రెండు పరికరాలూ సాధారణంగా 100 మెగాబిట్లకు దిగి సర్దుకుంటాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం పదో వంతు. ఎవరూ తీగను అనుమానించరు. కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తారు.

అంతకంటే మాయదారి తప్పు ఒకటుంది. కనెక్టర్ బిగించేటప్పుడు తీగల వరస ఇలా ఉండాలి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి మధ్యలో నీలం జతను దూర్చడం ఏమిటో చూసినవాళ్లకు అర్థం కాదు. మధ్య రెండు స్థానాలూ ఒకప్పుడు టెలిఫోన్ జతవి. ఈథర్నెట్ వాటి చుట్టూ సర్దుకుంది. ఆ చరిత్ర తెలియని పనివాడు శుభ్రంగా, రంగు పక్కన రంగు వచ్చేలా పేర్చేస్తాడు, రెండు చివరలా ఒకేలా. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వెలిగించే చిన్న టెస్టరు పెడితే అన్నీ వరసగా వెలుగుతాయి. తీగ పాసైనట్టే. కానీ మూడో స్థానంలో ఒక జత తీగ, ఆరో స్థానంలో మరో జత తీగ ఉంటాయి. ఆ రెండూ కలిసి మోయాల్సిన సంకేతానికి మెలిక కాపలా ఉండదు. అలజడి తీసివేతలో పోదు. తీగ పొట్టిగా ఉంటే ఎలాగో నడుస్తుంది, పొడవైతే వేగం పడిపోవడం, మధ్యమధ్యలో తెగిపోవడం. టెస్టర్ పాస్ చేసింది కాబట్టి నింద స్విచ్ మీదికి పోతుంది. కేబుల్ వేయించేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సింది ఈ రంగుల వరసనే. ఇంకా, కనెక్టర్ దగ్గర మెలిక విప్పడం అర అంగుళం మించకూడదు. పని సులువని రెండంగుళాలు విప్పి చివర కత్తిరించని చేతులు ఎక్కువ.

తీగ రకం విషయంలో ఆరాటపడక్కర్లేదు. క్యాట్ 5ఈ వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, 2.5 కూడా మోస్తుంది. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు. ఇంట్లో ఏ తీగా 40 మీటర్లు దాటదు కనుక కొత్తగా వేసేవాళ్లు క్యాట్ 6 వేసుకుంటే ఇల్లున్నన్నాళ్లూ సరిపోతుంది. క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మే చదునైన తీగల జోలికి పోవద్దు. చూడాల్సింది లోహం. చవకగా వచ్చే కేబుళ్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినవి. కత్తి మొనతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. రాగి అయితే లోపలా ఎర్రగానే ఉంటుంది. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్ల పైమాటే, రెండుసార్లు వంచితే విరుగుతుంది, అందులోంచి కెమెరాలకు కరెంటు పంపితే వేడెక్కుతుంది. ఈథర్నెట్ కేబుల్ ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. రోల్ మీద ఎంత పెద్ద పేరున్నా గీరి చూడందే కొనకండి.

ఇల్లు కడుతున్నవాళ్లకు మరో మాట. స్లాబు పోసే ముందు ఎలక్ట్రీషియన్ పైపులు పరుస్తాడు కదా, ఆ రోజే ల్యాన్‌కు విడి పైపు వేయించండి, కింద నుంచి పైకి ఒకటి, వీలైతే రెండు. కరెంటు తీగలున్న పైపులోనే దీన్ని దూర్చడం కుదరదు. అలజడి సంగతి అటుంచి, ఎప్పుడైనా ఒలిచిన కరెంటు తీగ దీనికి తగిలితే పరికరాలతో పాటు మనుషులకూ ప్రమాదం. ఆ పైపులో ఒక ఖాళీ బైండింగ్ వైరు లాగి వదిలేయిస్తే పదేళ్ల తర్వాత కొత్త తీగ లాగడం పది నిమిషాల పని.

స్విచ్‌ల ప్రపంచంలో ఒక్క పెద్ద ప్రమాదం ఉంది. ఖాళీగా వేలాడుతున్న తీగ చూసి, ఎవరో మంచి మనసుతో రెండో చివరనూ అదే స్విచ్‌లో గుచ్చుతారు. ఇప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. అందరికీ చేరాల్సిన ఫ్రేము ఒకటి వచ్చింది, ఉదాహరణకు ఫలానా ఐపీ అడ్రసు ఎవరిది అని అడిగేది. స్విచ్ దాన్ని అన్ని పోర్టుల్లోకీ పంపుతుంది. ఆ తీగ ఒక చివర నుంచి పోయినది మరో చివర నుంచి లోపలికి వస్తుంది. స్విచ్‌కు అది కొత్త ఫ్రేము. మళ్లీ అందరికీ. ఐపీ ప్యాకెట్లకు ఇన్ని మజిలీల తర్వాత చచ్చిపోవాలన్న ఆయుర్దాయం రాసి ఉంటుంది. ఈథర్నెట్ ఫ్రేముకు అలాంటిదేమీ లేదు. అది తిరుగుతూనే, ప్రతి చుట్టులో అందరి తలుపులూ తడుతూనే ఉంటుంది. క్షణాల్లో పోర్టులన్నీ నిండిపోతాయి, దీపాలన్నీ ఒక్కటై కొట్టుకుంటాయి, తీగతో సంబంధం లేని వైఫై ఫోన్లూ ఆగిపోతాయి.

దీనికి విరుగుడును 1985లో డెక్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ రూపొందించారు. స్విచ్‌లు తమలో తాము చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, ఒక పెద్దను ఎన్నుకుని, చుట్టు తిరిగే దారులను తామే మూసేసి, కొమ్మలున్న చెట్టులాంటి ఆకారం మిగుల్చుకుంటాయి. ఉన్న దారి తెగితే మూసినదాన్ని మళ్లీ తెరుస్తాయి. దాని పేరు స్పానింగ్ ట్రీ. ఆఫీసు స్విచ్‌లన్నిటిలో ఇది ఉంటుంది, చవక సాదా స్విచ్‌లలో ఉండదు. కొన్నిట్లో చుట్టును పసిగట్టి ఆపే చిన్న ఏర్పాటు మాత్రం ఉంటుంది. అటువంటిది దొరికితే ఓ రెండొందలు ఎక్కువైనా పరవాలేదు. మెష్ వైఫై పెట్టెలున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండు పెట్టెలు గాలిలో ఇప్పటికే మాట్లాడుకుంటుండగా, వాటికి స్విచ్ ద్వారా తీగ కూడా తగిలిస్తే కొన్ని రకాల పెట్టెలు తికమకపడి ఇలాంటి చుట్టే కడతాయి. ఇంట్లో నెట్ ఉన్నట్టుండి పూర్తిగా చచ్చిపోయి, స్విచ్ దీపాలు దీపావళి చేస్తుంటే, ఒక్కో తీగా పీకుతూ చూడండి. ఏది పీకగానే శాంతిస్తుందో అదే దోషి.

కెమెరాలుంటే తీగలోంచే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ మాట వస్తుంది. 2003 నాటి మొదటి ప్రమాణం పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, తీగలో పోయిన దాన్ని మినహాయిస్తే పరికరానికి 12.95 వాట్లు అందుతాయి. 2009లో వచ్చినది 30 వాట్లు. పద్ధతి ప్రకారం చేసిన స్విచ్ కరెంటును ఎడాపెడా పంపదు. ముందు చిన్న వోల్టేజీ పెట్టి, అవతల సుమారు 25 కిలో ఓముల నిరోధం కనబడితేనే అది కరెంటు అడుగుతున్న పరికరమని గుర్తిస్తుంది. అందుకే అందులో మామూలు ల్యాప్‌టాప్ గుచ్చినా ఏమీ కాదు. అడగకుండానే వోల్టేజీ తోసే చవకరకాలు కూడా మార్కెట్లో ఉన్నాయి, పాసివ్ పీఓఈ పేరుతో. వాటి దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లకండి.

సీసీ కెమెరాల షాపుల్లో 4+2, 8+2 అని పిలిచేవి కరెంటిచ్చే పోర్టులు నాలుగో ఎనిమిదో, మామూలు పోర్టులు రెండూ ఉన్న స్విచ్‌లు. ఇక్కడ రెండు మెలికలు. కరెంటిచ్చే పోర్టులు ఎక్కువగా 100 మెగాబిట్‌వే. కెమెరాకు కావాల్సింది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది మెగాబిట్లు కాబట్టి వాటికది ధారాళం. ఖాళీగా ఉంది కదా అని అదే స్విచ్‌లో కంప్యూటర్ తగిలిస్తేనే నష్టం. రెండోది మొత్తం వాట్లు. ఎనిమిది పోర్టులకు 15.4 చొప్పున 123 వాట్లు కావాలి, స్విచ్ అడాప్టరు అందులో సగం ఇవ్వగలిగితే గొప్ప. పగలు నాలుగైదు వాట్లతో సరిపెట్టుకునే కెమెరా, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగాక ఎక్కువ లాగుతుంది. చీకటి పడగానే ఒకటి రెండు కెమెరాలు ఆగిపోతున్నాయంటే ముందు ఈ లెక్క చూడాలి. కెమెరాలకు ఒక పీఓఈ స్విచ్, మిగిలినవాటికి సాదా గిగాబిట్ స్విచ్ విడిగా పెట్టి, రెండింటినీ గిగాబిట్ పోర్టుతో కలపడమే నాకు నచ్చిన ఏర్పాటు.

గేటు మీది కెమెరాకో, వెనక రేకుల షెడ్డులోకో పోయే రాగి తీగ మన వేసవి చివరి పిడుగుల కాలంలో స్విచ్‌ను తినేస్తుంది. పిడుగు ఇంటి మీదే పడనక్కర్లేదు. వీధిలో ఎక్కడో పడినా ఆ పొడవాటి తీగలో ఒక్క క్షణం వందల వోల్టులు పుడతాయి. ముందు ఆ పోర్టు పోతుంది, మరో ఏడాది మరొకటి. ఆ తీగ చివర సరైన ఎర్తింగ్‌తో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించడం ఒక దారి. విడి కట్టడానికైతే గాజుతీగ వేసి, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు పెట్టడం ఇంకా మంచి దారి. గాజులో కరెంటు పారదు.

సెట్టింగులున్న మేనేజ్డ్ స్విచ్‌లను అడిగేవాళ్లు సాధారణంగా వీల్యాన్ కోసం అడుగుతారు. ఫ్రేముకు 4 బైట్ల చీటీ తగిలించి, అందులోని 12 బిట్ల సంఖ్యను బట్టి ఒకే స్విచ్‌ను వేరువేరు స్విచ్‌లు లాగా విడగొట్టడం దాని పని. ఊరూ పేరూ లేని కంపెనీ కెమెరాలు మీ ల్యాప్‌టాప్‌ను చూడకుండా చేయడానికి ఇది మంచి ఆయుధమే. కానీ ఆ చీటీలు చదవగల రౌటర్ కూడా ఉండాలి, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెలో చాలాసార్లు ఆ సౌకర్యం ఉండదు. రెండూ కొని, నేర్చుకునే సరదా ఉంటే తీసుకోండి. తీసుకున్నాక ముందు చేయాల్సిన పని కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ మార్చడం.

స్విచ్ కొనకుండా గడిపే దారీ ఉంది. అటక మీద పాత రౌటర్ ఉంటే, దానికి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, దాని సొంత అడ్రసును అసలు రౌటర్ వరసలోనే వేరే అంకెకు మార్చి, తీగను దాని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చితే అది స్విచ్‌గానూ యాక్సెస్ పాయింట్‌గానూ పనిచేస్తుంది. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఇంట్లో రెండు పెత్తనాలు నడిచి, కొన్ని ఫోన్లకు నెట్ వచ్చి కొన్నిటికి రాదు.

స్విచ్‌ను చెప్పుల అరలో మూసేయకుండా, గాలాడేలా, బల్లులు దూరని చోట పెట్టి, ఫైబర్ పెట్టెతో పాటు ఇన్వర్టర్ లైను మీదికి ఇవ్వాలి. అయిదు పోర్టుల సాదా స్విచ్ మూడు వాట్లు తింటుందనుకుంటే ఏడాదికి 26 యూనిట్లు. అంతా బిగించాక స్పీడ్ టెస్ట్ వెబ్‌సైట్ తెరవడం అందరూ చేసే పని. అది మీ ప్లాన్‌ను కొలుస్తుంది గానీ మీ తీగను కాదు. తీగను కొలవాలంటే రెండు కంప్యూటర్లలో ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి, ఒకటి కింద, ఒకటి మేడ మీద నడపాలి. 940 మెగాబిట్ల దగ్గర వస్తే పని పూర్తయినట్టే. వెయ్యి రాదు, రాకూడదు. చిరునామాలు, ఖాళీలు కలిపి తీగ మీద 1538 బైట్లు ఆక్రమించే ప్రతి ఫ్రేములో మీ సమాచారం 1448 బైట్లే, అది నూటికి 94. అలా కాక 94 మెగాబిట్లే చూపిస్తే, నీలం, గోధుమ జతల్లో ఏదో ఒక తీగ పట్టు తప్పి ఉండొచ్చు. ముందు మేడ మీది కనెక్టర్ కోసి, రంగుల వరస చూసుకుని, మళ్లీ బిగించండి.